గుల్లలు వద్దన్న అమ్మాయి

చిరంజీవి అమ్మాయికి,

మలేషియాలో నువ్వున్న ఊరికి తిరిగెళ్ళొచ్చి రాసిన నీ వ్యాసం ‘మళ్ళీ పెనాంగ్‌లో’ అందింది. చదువుతూ చదువుతూ మూడో పేజీలో ఆగిపోయాను. ‘ఆ రుచిని మాటల్లో చెప్పలేను’ అన్నావు. చెప్పలేకపోతే మానెయ్యి తల్లీ, నిన్నెవరూ బలవంతం చెయ్యలేదు. చెప్పలేనంటూనే ఇంకో పేజీన్నర అద్భుతం, అమోఘం, నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది అని సాగదీశావు చూడు, అక్కడ నాకు బీపీ పెరిగింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఎవరి మీద విసుక్కుంటున్నారని అడిగింది కూడా.

అప్పుడే పక్కన పడేసేవాణ్ణి. తొమ్మిదో పేజీలో ఒక సంగతి అడ్డం పడింది. మూడేళ్ళ తర్వాత నువ్వు ఆ పాత నూడుల్స్ బండి, అదే చార్ క్వే టియావ్ బండి దగ్గరకి వెళ్ళావు. బండాయన భార్యకి నీ మొహం గుర్తు రాలేదు. నీ పేరు ఆవిడ ఏనాడూ అడగలేదు. ప్లేటు చెప్పగానే మాత్రం తలెత్తి, ‘గుల్లలు వద్దు కదా’ అంది. ఆ తర్వాతి వాక్యంలో నువ్వు ఫోటో దిగేసి హోటల్‌కి పోయి పడుకున్నావు!

ఆవిడ అన్న ఆ మూడు ముక్కలే నువ్వు రాయాల్సిన వ్యాసం. మిగతా పేజీలు ఆవిడ దగ్గరకి చేరడానికి నీకైన దారి ఖర్చు అనుకో.

నేనూ ఆ ఊరు ఎరుగుదును. మా అబ్బాయి బయాన్ లెపాస్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేనూ మా ఆవిడా వీసా ఉన్నన్నాళ్ళు అక్కడే ఉన్నాం. పగలంతా అపార్టుమెంటులో లిఫ్టు చప్పుడు వింటూ కూర్చోలేక బస్సెక్కి పెనాంగ్ పాత పట్నం జార్జ్‌టౌన్ వచ్చేసేవాణ్ణి. చీకటి పడే వేళకి చులియా స్ట్రీట్‌లో బండ్లు ఒక్కొక్కటే తెరుస్తారు. ఒక ముసలాయన బండి ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని చూస్తూ కూర్చునేవాణ్ణి. బొగ్గుల పొయ్యి. ఎడమ చేత్తో విసనకర్ర, కుడిచేత్తో అట్లకాడ. ముందు పంది కొవ్వు, నలిపిన వెల్లుల్లి. అది చిటపటలాడగానే వెడల్పాటి బియ్యపు నూడుల్స్, ఒక చిప్పెడు సోయా నీళ్ళు, రొయ్యలు. నూడుల్స్ పక్కకి తోసి, ఆ ఖాళీలో గుడ్డు కొట్టి, అది గట్టిపడే లోపల మళ్ళీ కలిపేస్తాడు. మొలకలు, పచ్చటి వెల్లుల్లి కాడల్లాంటి ఆకు. గుల్లలు చిట్టచివర్న, పొయ్యి మీంచి దించబోతూ. ఎక్కువ వేగితే అవి రబ్బరైపోతాయి కాబట్టి, ఎర్రటి రసం ఇంకా ఉండగానే ప్లేట్లో పడాలి. ఇవి మా కాకినాడ మడ దిక్కు బురదలో దొరికే జాతే. ఆ ఎర్ర రసం చూసి నీకు కడుపులో తిప్పి ఉంటుంది, అందుకే వద్దన్నావు. అదెందుకు రాయలేదు? సిగ్గా?

ఎంత రద్దీ ఉన్నా ఒక్కో ప్లేటు విడిగానే వేయించాలి. నాలుగు ప్లేట్లు ఒకే మూకుట్లో వేస్తే మంట చాలక నూడుల్స్ ఉడికినట్టు ముద్దయిపోతాయి. అందుకే క్యూ. అందుకే ఆయన తలెత్తడు. ఎవరికి కారం ఎక్కువ, ఎవరికి గుడ్డు వద్దు, ఎవరికి గుల్లలు వద్దు, అంతా భార్య చెవినేసుకుని ఆయనకి అందించాలి. నీ మొహం గుర్తుంచుకోవడం ఆవిడ పని కాదు. గుల్లలు వద్దనే మనిషిని గుర్తుంచుకోవడం పని. మూడేళ్ళ పాటు నువ్వు అక్కడ ఆ లెక్కలో ఉన్నావన్నమాట. దీనికి నువ్వు నొచ్చుకున్నావో, మురిసిపోయావో నాకు తెలియాలి.

నేను చూసిన ముసలాయనకి కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి జారి ఉండేది. మెళ్ళో తువ్వాలు ఎప్పుడూ ఎడమ వైపుకే వేలాడేది, కుడివైపు నిలవదు. మీ బండాయన భుజాలు ఎలా ఉన్నాయి? చూడలేదు కదూ. ఫోన్లో ప్లేటు ఫోటోలు మాత్రం ఉండి ఉంటాయి.

తిండి గురించి రాసేవాళ్ళందరికీ నేను ఇదే చెబుతూ వచ్చాను, సభల్లో చెబితే నవ్వారు కూడా. నాలుకని నమ్ముకోకండి. దానికి తెలిసినవి ఆరు రుచులు, ఆరు మాటల్లో అయిపోతుంది. చేతులు చూడండి, ధర అడగండి, అద్దె ఎవరికి కడుతున్నారో కనుక్కోండి. నీ పద్దెనిమిది పేజీల్లో ఒక్క ధర లేదు. అప్పుడు ప్లేటు ఎన్ని రింగిట్లు, ఇప్పుడెంత? రొయ్యలు చిన్నవయ్యాయా? తిన్నది నువ్వు, డబ్బులిచ్చింది నువ్వు, లెక్క మాత్రం పాఠకుడికి చెప్పవు.

కాఫీ షాపులో కూర్చున్న మరుక్షణం ఒకతను వచ్చి ‘తాగడానికేంటి’ అని వేధించాడని విసుక్కున్నావు. అతను వేధించక ఏం చేస్తాడు? ఆ షాపు యజమానిది టీ, కాఫీ, షర్బత్తుల వ్యాపారం. చుట్టూ ఉన్న నూడుల్స్ బండి, లక్సా బండి, పాపియా బండి ఆయన దగ్గర చోటు అద్దెకి తీసుకున్నవి. బల్లలు, కుర్చీలు, ఫ్యాన్లు, తుడిచే మనిషి జీతం, అన్నీ నువ్వు తాగే ఆ గ్లాసులోంచే రావాలి. కొన్ని చోట్ల ఏమీ తాగకపోతే మనిషికింత అని వసూలు చేస్తారు కూడా. ఈ ముక్క తెలిసి ఉంటే నీకు ఆ పేరాలో విసుగు బదులు కథ దొరికేది.

ఇంకోటి. 2016 నుంచి పెనాంగ్‌లో ఒక నియమం ఉంది. చార్ క్వే టియావ్, లక్సా, హొక్కియెన్ మీ లాంటి పేరున్న స్థానిక వంటకాలని బండ్ల మీద పరదేశీ పనివాళ్ళు వండకూడదు. గిన్నెలు కడగొచ్చు, బల్లలు తుడవొచ్చు, గరిటె పట్టకూడదు. రుచి చెడిపోతుందని ప్రభుత్వం భయం. ఆ భయంలో నిజం ఎంతో నాకు తెలీదు గానీ, నువ్వూ అక్కడ పని చేసిన పరదేశీవే. నీ ఏసీ గదికి అడ్డం రాని పాస్‌పోర్టు, ఆ గిన్నెలు కడిగే కుర్రాడికి పొయ్యి దగ్గర అడ్డం వస్తుంది. నీ ప్లేటు తీసుకెళ్ళినవాడు ఏ దేశం వాడో ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. ‘పెనాంగ్ నాకు రెండో పుట్టిల్లు’ అన్న వాక్యం అప్పుడు అంత తేలిగ్గా రాయలేకపోయేదానివి.

ఇక ఆ ఇల్లు. క్వీన్ స్ట్రీట్ మారియమ్మన్ గుడికి దగ్గర్లో నువ్వున్న మేడగది ఇప్పుడు టూరిస్టుల హోటల్ అయిపోయింది. కింద వసారాలో నిలబడి ఏడ్చావు. ‘నా ఇల్లు నన్ను గుర్తుపట్టలేదు’ అని రాశావు. ఇల్లెందుకు గుర్తుపడుతుంది? నెల నెలా అద్దె కట్టావు, ఉన్నావు, వెళ్ళిపోయావు.

నీకంటే ముందు ఆ గదిలో ఎవరున్నారో ఇంటాయన్ని ఎప్పుడైనా అడిగావా? మలేషియాలో 1948కి ముందు కట్టిన ఇళ్ళకి అద్దెలు పెంచకుండా 1966 నాటి చట్టం ఒకటి పట్టి ఉంచింది. జార్జ్‌టౌన్ పాత వీధులు దాదాపు అన్నీ దాని కిందకే వచ్చేవి. కింద కొట్టు, పైన కాపురం, తాతల నాటి అద్దె. 1997లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. 2000 జనవరి 1తో అద్దెల కట్టుబాటు పోయింది. అద్దె కట్టలేనివాళ్ళు సామాను సర్దుకుని ఊరి బయట అపార్టుమెంట్లకి పోయారు. ఎన్నో ఇళ్ళు తాళాలు పడి ఉండిపోయాయి. 2008లో మలక్కాతో కలిపి యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చాక ఆ తాళాలు తీసి కెఫేలూ హోటళ్ళూ పెట్టారు. నీ మేడగది ఆ రెండింటికీ మధ్య కాసేపు నీ చేతిలో ఉన్నట్టుంది. నువ్వు ఖాళీ చేసినప్పుడు విమానం టిక్కెట్టు చేతిలో ఉంది. నీ ముందువాళ్ళు ఎలా ఖాళీ చేశారో కనుక్కుని, వాళ్ళని తెచ్చి ఆ వసారాలో నిలబెట్టు. ఆ తర్వాత నువ్వు ఏడవాలనిపిస్తే ఏడువు.

తిరిగెళ్ళిన మనిషి చుట్టం. నాలుగు రోజులుంటాడు, ఏది మారిందో వేలెత్తి చూపిస్తాడు, పోతాడు. ఉండిపోయినవాళ్ళకి ఆ మార్పుతో తెల్లారుతుంది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పట్లేదు. మా నాన్నగారిది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు. క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాం. అక్కడ తెలుగువాళ్ళం ఎంతమందిమంటే, చిన్నప్పుడు బెంగాలీ పరాయి ఊరి భాష అనుకునేవాణ్ణి. రైల్వేలో ఇల్లు ఉద్యోగంతో వస్తుంది, రిటైర్మెంటుతో పోతుంది. నాన్నగారు రిటైరయ్యాక సామర్లకోట వచ్చేశాం. పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒకసారి వెళ్ళి ఆ క్వార్టరు తలుపు తట్టాను. ఒకావిడ తలుపు తీసి, నన్ను ఎలక్ట్రిక్ డిపార్టుమెంటు మనిషిననుకుంది. వారం నుంచి కంప్లైంటు పెడుతుంటే ఇప్పుడా రావడం అని కేకలేసింది. కాదని చెప్పాక మంచినీళ్ళిచ్చి, వెనక గదిలో కప్పు కారే చోటు చూపించి, మీ రోజుల్లో కూడా ఇలాగే కారేదా అని అడిగింది. అవునన్నాను. మరి మీరెందుకు బాగు చేయించలేదని నన్ను నిలదీసింది!

గోల్ బజార్‌కి వచ్చి ఝాల్ ముడీ కొనుక్కున్నాను. డబ్బాలో మరమరాలు, ఉడికిన శనగలు, పచ్చిమిర్చి, కొబ్బరి ముక్కలు, మూతకి చిల్లు పెట్టిన సీసాలోంచి ఆవనూనె. ఆ కుర్రాడు డబ్బా ఆడిస్తూనే చెప్పాడు, నూనె ధర పెరిగాక మూత చిల్లు చిన్నది చేశానని. ఆ ఆవిడ, ఈ చిల్లు, ఈ రెండింటితో కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. తిరుగుటపాలో వచ్చింది. ‘పాత ఇంటికి వెళ్ళిన మనిషికి ఒక్క కన్నీటి చుక్క రాలేదు. గుండె తడి లోపించింది’ అని ఎడిటరు గారి నోటు. ఇంకో పత్రిక వేసుకుంది. వేసుకుని పేరు ‘వేపచెట్టు నీడలో’ అని మార్చింది. కథలో వేపచెట్టు లేదు. ఆ క్వార్టర్స్‌లోనూ లేదు. అచ్చులో చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ కథ మెచ్చుకున్నవాళ్ళంతా ఆ వేపచెట్టునే మెచ్చుకున్నారు.

అప్పుడు గుండె తడి, తర్వాత మట్టి వాసన, ఇప్పుడేమో ‘తప్పక తినాల్సిన పది’. ఫ్యాషన్లు మారాయి గానీ బండి వెనకాల మనిషిని అడిగేవాడు మాత్రం రాలేదు. నీ వ్యాసం మధ్యలో ఆ పది తిండ్ల జాబితా ఎందుకు పెట్టావో నాకు తెలుసు. ఎవరో అడిగి ఉంటారు. తీసెయ్యి.

ఆసమ్ లక్సాని ‘అచ్చం మన చేపల పులుసే’ అన్నావు. చింతపండు, చేప ఉన్నాయి నిజమే, ఆ చేప కూడా మన కానాగంత చుట్టమే. మరి పుదీనా, అనాస ముక్కలు, అల్లం జాతి పువ్వు తరుగు, పైన ఒక చెంచాడు నల్లటి రొయ్యల ముద్ద ఏ పులుసులో చూశావు? తాలింపు ఏది? మా అత్తగారు విని ఉంటే నిన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. తెలియని తిండిని తెలిసినదానితో ముడిపెట్టి చెప్పడం పాఠకుడికి సాయమని నీకెవరో నేర్పినట్టున్నారు. గిన్నెలో ఏమున్నాయో వరసగా చెప్పు, చాలు. పాఠకుడికి పళ్ళున్నాయి, నములుకుంటాడు. పేర్లు కూడా అక్కడివాళ్ళు పిలిచేవే ఉంచు, పక్కన అర్థాలు పెట్టకు. పేర్ల సంగతి ఏం చెయ్యాలని అడిగావు కదా, నా జవాబు ఇదీ.

లిటిల్ ఇండియాలో అంతా తమిళమే అని ఒక్క ముక్కలో తేల్చావు. వీలైతే పక్క రాష్ట్రం పెరాక్‌లో బాగన్ దాతుక్ వైపు వెళ్ళిరా. రబ్బరు, కొబ్బరి తోటలకి మన జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళ మనవలు, మునిమనవలు ఉన్నారు. అది వేరే వ్యాసం, దీంట్లో ఇరికించకు.

ఫెర్రీ మీద సూర్యాస్తమయం పేరా బాగుంది. తీసెయ్యి.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఆ బండి ఆవిడ తలెత్తిన చోట మొదలుపెట్టు. నీతో పని చేసిన స్నేహితులు ఎవరైనా అక్కడే ఉన్నారంటే ఫోన్ చేసి, సాయంత్రం వెళ్ళి నాలుగు సంగతులు కనుక్కోమను: ధర ఎంత, బొగ్గులా గ్యాసా, వాళ్ళ పిల్లలు ఏం చేస్తున్నారు, వారంలో ఏ రోజు సెలవు. తప్పుగా అనుకుంటారేమోనని టెన్షన్ పడకు, కొనుక్కుని తింటూ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. జవాబులు రాకపోతే నువ్వు చూసినంతే రాయి, ఊహించి పూరించకు.

సగానికి తగ్గించి పంపు. ఈసారి అక్షరాలు పెద్దవి పెట్టి, కాగితానికి ఒక వైపే ప్రింటు తీయించు, నాకు శుక్లాల ఆపరేషన్ అయింది. వినాయక చవితి లోపల అందితే చూస్తాను. ఆ తర్వాత మేం బెంగుళూరు అమ్మాయి దగ్గరకి పోతున్నాం, అక్కడ మనవడు నన్ను పేపరు కూడా చదవనివ్వడు.

ఆశీస్సులతో,
మాస్టారు