గాఢనిద్రలో ‘నేను’ ఏమవుతుంది?

ఆత్మ అంటేనే చైతన్యం, అది ఎప్పుడూ ఆరదు అంటారు కదా, మరి గాఢనిద్రలో నేనున్నానన్న సంగతి నాకే ఎందుకు తెలియదు అన్నది మీ ప్రశ్న. ఈ సందేహం మీకంటే ముందు ఇంద్రుడికే వచ్చింది. ఛాందోగ్యోపనిషత్తు 8వ అధ్యాయంలో, కల కూడా లేని నిద్రలో ఉండేదే ఆత్మ అని గురువైన ప్రజాపతి చెబితే ఇంద్రుడు తృప్తిగా బయల్దేరతాడు. దేవతల దగ్గరికి చేరకముందే దారిలోంచి వెనక్కొచ్చేస్తాడు. ఆ స్థితిలో తానెవరో తనకే తెలియదు, ఎదుట ఏముందో తెలియదు, నాశనమైపోయినట్టే కదా, ఇందులో నాకు మేలేం కనబడటం లేదు అంటాడు. ప్రజాపతి కసురుకోడు. నిజమేనని ఒప్పుకుని ఇంకో 5 ఏళ్లు ఉండమంటాడు. అంతకుముందు గడిపినవాటితో కలిపి మొత్తం 101 ఏళ్లు.

ఆత్మా బ్రహ్మమూ ఒకటేననే అద్వైతుల జవాబు మీరు వినే ఉంటారు. పొద్దున లేచి ‘హాయిగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు’ అంటాం. అనుభవంలోకి రానిది జ్ఞాపకం రాదు కాబట్టి, ఆ హాయినీ ఆ తెలియకపోవడాన్నీ చూసిన సాక్షి నిద్రలోనూ ఉన్నట్టే. లేనిది మనసు. అది అవిద్యలో, అంటే మూల అజ్ఞానంలో, అణగిపోయినప్పుడు దాంతోపాటు అహంకారమూ, అంటే ‘నేను’ అనుకునే భావమూ, అణగిపోతుంది. ‘నేను ఫలానా’ అనుకోవడానికి పనిముట్టే లేదన్నమాట.

నైయాయికులు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించే తార్కికులు, దీన్ని ఒప్పుకోరు. వాళ్లకూ ఆత్మ ఉంది, నిత్యమే. కానీ జ్ఞానం దాని స్వరూపం కాదు, గుణం. ఆత్మతో మనసు కలవడం (మనస్సంయోగం) వల్ల పుడుతుంది, గాఢనిద్రలో పుట్టదు. మరి పొద్దున మనం అనే ఆ మాటో? అది జ్ఞాపకం కాదు, అనుమానం, అంటే గుర్తుల్ని బట్టి ఊహించి తేల్చుకోవడం. ఒళ్లు తేలిగ్గా ఉంది, మధ్యలో ఏదీ గుర్తులేదు, కాబట్టి హాయిగా నిద్రపట్టి ఉంటుందని లెక్క కట్టుకుంటున్నాం, అంతే. నా దృష్టిలో మీ ప్రశ్న మొత్తం ఈ ఒక్క చోటే తేలాలి: ఆ వాక్యం జ్ఞాపకమా, అనుమానమా?

ఆమధ్య నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. మత్తు డాక్టరు ముఖానికి మాస్క్ పెడుతూ ఏం ఉద్యోగం చేస్తారని అడిగారు. చెబుతున్నాను. ‘సార్, కళ్లు తెరవండి’ అని నర్సు గొంతు. నేను ఇంకా ఆ డాక్టరుకే జవాబు చెబుతున్నాననుకున్నాను, వాక్యం పూర్తి చేయబోతే గొంతు మంట పుట్టింది. అప్పటికే మధ్యాహ్నం దాటిందని మా ఆవిడ చెబితే తప్ప తెలియలేదు. హాయిగా ఉందని గానీ, ఏమీ తెలియలేదని గానీ అనడానికి నా దగ్గర ఆధారం లేదు. రెండు క్షణాలు పక్కపక్కనే అతుక్కున్నాయి, మధ్యది పక్కవాళ్లు చెబితే కూడుకున్న లెక్క. అచ్చం నైయాయికులు చెప్పినట్టే.

ఇంటికొచ్చాక పొద్దుటి నిద్రను గమనించడం మొదలుపెట్టాను. ఇది అలా లేదు. గడియారం చూడకముందే, ఒళ్లు కదపకముందే, చాలాసేపు గడిచిందన్న ఎరుక ఉంటుంది, దానికో రుచి కూడా ఉంటుంది. పతంజలి యోగసూత్రం 1.10 నిద్రను కూడా ఒక వృత్తిగానే, అంటే మనసులో జరిగే ఒక వ్యాపారంగానే లెక్కపెట్టింది. దానికి వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం ఇంకాస్త లోతుకు వెళ్లి, హాయిగా నిద్రపట్టి మనసు తేటగా ఉండటం, సరిగా పట్టక మనసు నిలవకపోవడం, మొద్దునిద్ర పోయి ఒళ్లు బరువెక్కడం అని మూడు రకాలు చెబుతుంది. ఏమీ అనుభవించకపోతే ఇన్ని తేడాలు ఎలా గుర్తుంటాయన్నది దాని వాదం. లేచాక ఉన్న ఒంటి స్థితిని చూసే అలా అంటున్నారని నైయాయికుడు ఇప్పుడూ అనొచ్చు. కాదనడానికి నా దగ్గర రుజువు లేదు. అయినా ఆ రెండు మెలకువలూ నాకు ఒకటిగా అనిపించలేదు.

మన పాతవాళ్లు ఈ తేడా పట్టించుకున్నారా అని వెతికితే వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో 3.2.10 కనబడింది. అది మూర్ఛ గురించే: మెలకువా కాదు, కలా కాదు, నిద్రా కాదు, చావూ కాదు, సగం లయం. శంకరుల భాష్యం ఆసుపత్రి కేస్ షీటులా ఉంటుంది. నిద్రపోయేవాడి ముఖం ప్రశాంతం, ఊపిరి క్రమంగా ఆడుతుంది, చేత్తో తడితే లేస్తాడు. మూర్ఛపోయినవాడి ముఖం భయంకరం, కళ్లు తెరుచుకుపోతాయి, ముద్గరంతో (దుడ్డుకర్రతో) కొట్టినా లేవడు. నిద్రకు కారణం అలసట, మూర్ఛకు రోకలి దెబ్బలాంటివి. కాబట్టి ‘మత్తులో సాక్షి ఏమయ్యాడు’ అన్న ప్రశ్నతో నిద్ర వాదాన్ని కొట్టిపడేయడం కుదరదు. రెండూ వేర్వేరు అవస్థలని వాళ్లే ముందుగా విడదీశారు.

ఇక ‘నేను’ సంగతి. ఇక్కడ మాత్రం నేను విశిష్టాద్వైతి రామానుజుల వైపు మొగ్గుతాను. నిద్రలోనూ వెలిగేది ఊరూ పేరూ లేని సాక్షి కాదు, ‘నేను’ అన్న మాట సూచించే ఆ నేనే, కాకపోతే మసకగా వెలుగుతుంది అంటారాయన. మరి ‘నన్ను నేనే మరిచి పడుకున్నాను’ అంటామే అంటే, అక్కడ మరిచింది మెలకువలో ఉండే జాతి వగైరాలతో కూడిన నన్ను, మరిచిన నేను మాత్రం ఉన్నాను అని ఆయన జవాబు. హాయిని జ్ఞాపకంగా ఒప్పుకుని, ‘నేను’ను మాత్రం లేచాక అతికించారనడం నాకు మింగుడుపడదు. అద్వైతులు దీనికి అధ్యాసతో, అంటే ఒకదాన్ని ఇంకోటిగా పొరబడటం అన్న వాదంతో, బదులిస్తారు, అది వేరే ప్రశ్నగా అడగండి, ఇక్కడ ఇమడదు.