డాక్టర్ సలహా: ప్రయాణం తర్వాత ఒక్క కాలే వాచింది

ప్రశ్న: నా వయసు 38. కువైట్‌లో ఇళ్లలో పని చేస్తాను. అంతర్వేది తీర్థానికని నాలుగు రోజుల కిందట ఇంటికి వచ్చాను. కారులో విమానాశ్రయానికి, దోహాలో విమానం మారి శంషాబాద్‌కు, అక్కడి నుంచి బస్సు, రాత్రంతా నరసాపురం రైలు, ఆటో, గోదావరి దాటించే పంటు, మళ్లీ ఆటో. గడప తొక్కేసరికి 29 గంటలైంది. రైలులో బెర్తు దొరకక కూర్చునే వచ్చాను. అప్పటి నుంచి రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టడం లేదు. పంటు దిగేటప్పుడు బెణికిందో ఏమో, ఎడమ పిక్క నొప్పిగా, వాపుగా ఉంది. బోదకాలేమోనని అత్తయ్య భయపడుతూ రోజూ కొబ్బరినూనె కాచి మర్దన చేస్తున్నారు. రథోత్సవం అయ్యేదాకా నెలసరి రాకుండా పది రోజులుగా మాత్రలు వేసుకుంటున్నాను. నిద్రకు మంచి మాత్ర చెప్పగలరు.
- ఒక సోదరి, సఖినేటిపల్లి మండలం

జవాబు: అమ్మా, ముందు ఆ మర్దన ఆపించండి. ఇది చదివిన రోజే కాలికి కలర్ డాప్లర్ పరీక్ష (రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపే స్కానింగ్) చేసే ఆసుపత్రికి వెళ్లండి, అమలాపురమైనా భీమవరమైనా సరే. తీర్థం అయ్యాక చూద్దామనుకోవద్దు.

ఎక్కువ సేపు కూర్చుని వచ్చినవాళ్లకు రెండు పాదాలూ వాచడం మామూలే. కాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మీకు వాచింది ఒక్క కాలు, అదీ పిక్క దగ్గర, నొప్పితో. నాలుగు రోజులైనా తగ్గలేదు. కాలు చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయలేను. నిజంగా బెణుకే కావచ్చు. కానీ పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టలేదని ముందు తేల్చుకోవాలి.

నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగుస్తూ వదులవుతూ రక్తాన్ని పైకి తోస్తాయి. మోకాళ్లు మడిచి గంటల తరబడి కూర్చుంటే ఆ పని ఆగి, రక్తం కాళ్లలో నిలుస్తుంది. విమానమే కాదు, రైలైనా బస్సైనా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలు, అంతకుమించి కూర్చుని చేసే ప్రయాణంతో ఈ ముప్పు సుమారు రెండింతలవుతుంది. అయినా ఆరోగ్యవంతుల్లో 6,000 మందిలో ఒకరికి వచ్చేదే. ఆ లెక్క చూసి మీ విషయంలో నిశ్చింతగా ఉండలేకపోతున్నాను. కారణం ఆ మాత్రలు.

నెలసరి వాయిదా మాత్రల్లో సాధారణంగా నోరెథిస్టెరాన్ అనే హార్మోన్ మందు ఉంటుంది. రోజుకు మూడు చొప్పున వేసుకుంటే అందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోన్‌గా మారుతుంది. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. వ్రతమని, పెళ్లని, తీర్థమని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని వేసుకునేవారిని ప్రతి సీజనులోనూ చూస్తున్నాను. మీకు పూర్వం కాళ్లలో రక్తపు గడ్డలు వచ్చాయా, తోబుట్టువులకు వచ్చాయా, మైగ్రేన్ ఉందా, పొగ తాగుతారా, దూర ప్రయాణం ఉందా అని దుకాణంలో ఎవరూ అడగరు. అడగాల్సింది డాక్టర్. మీరు ఈ మాత్రలు మొదలుపెట్టి, వెంటనే 29 గంటలు ప్రయాణం చేశారు. మందలిస్తున్నానని నొచ్చుకోకండి, అడిగి ఉంటే వద్దనేవాడిని. ఇక ఆ మాత్ర వేసుకోవద్దు. ఆపిన రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుంది. గడ్డ ఉందని తేలితే రక్తం పలుచబడే మందులు ఇస్తారు, వాటితో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. అందుకే ఆ మాత్రల అట్ట చేతిలో పట్టుకుని వెళ్లి డాక్టర్‌కు చూపించండి. గర్భం వచ్చే అవకాశం ఉంటే అది కూడా దాచవద్దు.

మర్దన ఎందుకు వద్దన్నానంటే, సిరలోని గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. ఇలాగే వారం రోజులు నూనెతో తోమించుకుని, చివరకు మెట్టు ఎక్కలేని ఆయాసంతో వచ్చిన ఒకామెను నేను చూశాను. ఆమె బతికింది. అందరికీ ఆ అదృష్టం ఉండదు. నొప్పికి ఇంజెక్షన్ చేయించుకుని సరిపెట్టుకోవద్దు. నొప్పి తగ్గుతుంది, గడ్డ ఉంటే అలాగే ఉంటుంది. ఆస్పిరిన్ కూడా దీనికి చికిత్స కాదు. మన గోదావరి జిల్లాల్లో కాలు వాచగానే బోదకాలు అనుకోవడం కొత్త కాదు, అత్తయ్యగారి భయం నాకు తెలుసు. ఆ అనుమానంతో ఫైలేరియా మాత్రలు మాత్రం మొదలుపెట్టకండి.

బయలుదేరే లోపు దర్జీ టేపుతో ఒకసారి కొలవండి. మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక గుబ్బ నుంచి 10 సెంటీమీటర్ల కింద, రెండు పిక్కల చుట్టుకొలత. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. తక్కువ ఉన్నా పరీక్ష మానవద్దు. ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆటో కోసమో పంటు కోసమో చూడకుండా 108కి ఫోన్ చేయండి.

నిద్రకు మాత్ర రాయను. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి రెండంటే మీ ఒంటికి అది పదకొండున్నరే. పొద్దున్నే లేచి ఎండలో కూర్చోండి, వారంలో సర్దుకుంటుంది.

తిరుగు టికెట్ ఉండే ఉంటుంది. గడ్డ ఉందని తేలితే కనీసం మూడు నెలలు మందులు వాడాల్సి రావచ్చు. మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ సరేననే దాకా ఆ ప్రయాణం పెట్టుకోవద్దు. రిపోర్టు వచ్చాక ఏం తేలిందో నాకు రాయండి.