వయ్యారిభామ పీకేశాక తుమ్ములు తగ్గాయి, ఆయాసం మాత్రం పెరిగింది!

ప్రశ్న: నా వయసు 34. పదేళ్లుగా ఆస్తమా ఉంది. స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో (చర్మంపై గుచ్చి చేసే అలర్జీ పరీక్ష) వయ్యారిభామ పుప్పొడి, ఆస్పర్జిల్లస్ ఫంగస్ రెండూ పాజిటివ్ వచ్చాయి. పెరట్లోని వయ్యారిభామ అంతా పీకి ఓ మూల కుప్ప పోశాం. తుమ్ములు తగ్గాయి గానీ దగ్గు, ఆయాసం పెరిగాయి. గోధుమరంగు గట్టి కళ్లె పడుతోంది. ఎందుకిలా?

జవాబు: మీరు చివర్లో రాసిన ఆ గోధుమరంగు కళ్లె గురించే నా ఆందోళనంతా.

వయ్యారిభామ పూలమొక్క. దాని పుప్పొడి రేణువు సుమారు 15–20 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి చాలావరకు ముక్కులోనే చిక్కుకుంటుంది. తుమ్ములు, కళ్ల దురద తెప్పిస్తుంది, ఆస్తమానూ రేపుతుంది. కానీ మన ఒంట్లో మొలకెత్తదు. మొక్కలు పోగానే మీకు తుమ్ములు తగ్గింది అందుకే.

ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ సంగతి వేరు. ఆ బూజు విత్తనం 2–3 మైక్రాన్లే. ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్లిపోతుంది. మన ఒంటి వేడి, 37 డిగ్రీలు, దానికి భేషుగ్గా సరిపోతుంది. ఆస్తమా ఉన్న కొందరిలో శ్వాసనాళాల్లోని కఫంలోనే పెరగడం మొదలుపెడుతుంది. దాంతో అలర్జీ ఆగకుండా రగులుతూనే ఉంటుంది. దీన్నే ఏబీపీఏ (అలర్జిక్ బ్రాంకోపల్మనరీ ఆస్పర్జిల్లోసిస్) అంటాం. మీకు పడుతున్నలాంటి గోధుమరంగు గట్టి కళ్లె దీని లక్షణాల్లో ఒకటి. నిర్లక్ష్యం చేస్తే శ్వాసనాళాలు సాగిపోయి శాశ్వతంగా దెబ్బతింటాయి.

పీకిన మొక్కల కుప్ప తడిసి కుళ్లుతుంటే ఈ ఫంగస్‌కు అంతకన్నా అనువైన చోటు ఉండదు. దాన్ని మీరు ముట్టుకోవద్దు. ఆస్తమా లేనివాళ్లు ఎన్95 మాస్కు, గ్లవుజులు వేసుకుని, నీళ్లు చల్లి తీసేయాలి.

స్కిన్ టెస్ట్ పాజిటివ్ అయినంత మాత్రాన ఏబీపీఏ అని కాదు. పల్మనాలజిస్టును కలిసి ఆస్పర్జిల్లస్ ఐజీఈ, టోటల్ ఐజీఈ (ఐజీఈ అంటే అలర్జీలో పెరిగే యాంటీబాడీ), ఇసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్లరక్తకణాలు) రక్తపరీక్షలు, ఛాతీ సీటీ స్కాన్ చేయించుకోండి. టోటల్ ఐజీఈ 500 ఐయూ/ఎంఎల్ దాటితే అనుమానం బలపడుతుంది. కళ్లెను టీబీకి కూడా పరీక్షించాలి. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించి, ఏబీపీఏ ఉన్నవాళ్లు టీబీ మందులు వాడిన సందర్భాలున్నాయి.

ఏబీపీఏ అని తేలితే స్టెరాయిడ్ మాత్రలో, ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందో కొన్ని నెలలు వాడాల్సి ఉంటుంది. దయచేసి సొంతంగా కొని మాత్రం వేసుకోవద్దు. బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ ఇన్‌హేలర్లతో ఇట్రాకొనజోల్ కలిస్తే ఒంట్లో స్టెరాయిడ్ మోతాదు పెరిగిపోతుంది. అలాగని ఇప్పుడున్న ఇన్‌హేలర్ ఆపొద్దు. కళ్లెలో రక్తం కనిపించినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

- పల్మనాలజిస్ట్