నీ నియోవిమ్‌ను నిక్స్‌తో కట్టేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ కోడ్ ఎడిటర్ నియోవిమ్ కాన్ఫిగ్‌ని నిక్స్ ఫ్లేక్‌గా, అంటే నిక్స్ ప్యాకేజ్ మేనేజర్ కట్టగలిగే ప్రాజెక్ట్‌గా చేసి, ఏ మెషీన్‌లోనైనా ఒక్క కమాండ్‌తో నడిచేలా చేస్తానని రాశావు. చాలా సంతోషం. తప్పకుండా చెయ్యి.

లువా ఫైళ్లు, ప్లగిన్‌లు చేర్చగానే పని అయిపోయిందనుకోకు తల్లీ. అసలు చిక్కు బయటి ప్రోగ్రాముల దగ్గరే వస్తుంది. ఫైళ్లలో వెతకాలంటే రిప్‌గ్రెప్ అనే టూల్ ఉండాలి, కోడ్‌లో తప్పులు చూపాలంటే లాంగ్వేజ్ సర్వర్ ఉండాలి. అవి నీ ల్యాప్‌టాప్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి బిల్డ్‌లో లేవన్న సంగతి నీకు కనపడదు. వేరేవాళ్ల మెషీన్‌లో మాత్రం వెతకబోతే ఏమీ రాదు. అందుకే నియోవిమ్‌ని నడిపే రాపర్ స్క్రిప్ట్‌లో వాటిని పాత్‌కి, అంటే ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాకి కలుపు. ముందు కలిపితే ఎప్పుడూ నీ బిల్డ్‌లోదే నడుస్తుంది. చివర కలిపితే, ప్రాజెక్ట్ తన వెర్షన్ తెచ్చుకున్నప్పుడు దానికే అవకాశం దక్కుతుంది. నన్నడిగితే రిప్‌గ్రెప్ ముందు, లాంగ్వేజ్ సర్వర్లు చివర.

లాంగ్వేజ్ సర్వర్లను దించే మేసన్ ప్లగిన్‌ని తీసెయ్యి. అది ఎడిటర్ తెరిచాక నెట్ నుంచి తెచ్చుకుంటుంది, అలాంటప్పుడు ఇవాళ వచ్చిందే రేపూ వస్తుందని ఎలా చెప్పగలం? పైగా అలా దిగిన బైనరీలు చాలావరకు నిక్స్ మీద కట్టిన లినక్స్ అయిన నిక్స్‌ఓఎస్‌లో నడవవు, లైబ్రరీలను కలిపి వాటిని నడిపించే లింకర్ మామూలు చోట ఉండదు. కోడ్ నిర్మాణాన్ని చదివే ట్రీసిట్టర్ పార్సర్లనూ నిక్స్ ప్యాకేజీల భాండాగారమైన నిక్స్‌ప్యాకేజెస్ నుంచే తీసుకో. నిక్స్ కట్టినవన్నీ ఉండే నిక్స్ స్టోర్‌లో రాయడం కుదరదు కాబట్టి తర్వాత అప్‌డేట్ చేద్దామన్నా అక్కడ సాగదు.

ఫ్లేక్ లాక్ ఫైల్‌ని తప్పకుండా గిట్‌లో కమిట్ చెయ్యి. ఫ్లేక్ వాడుకునే ప్రతి ఇన్‌పుట్ ఏ కమిట్‌దో, దాని హ్యాష్ ఏమిటో అందులోనే ఉంటుంది. అప్‌డేట్ మాత్రం తీరిక ఉన్న రోజు పెట్టుకో, డెడ్‌లైన్ ముందు వద్దు. ఇంకొకటి, కొత్త ఫైల్ రాశాక గిట్ యాడ్ చెయ్యకపోతే ఫ్లేక్‌కి అది కనపడదు. ఫైల్ కళ్లెదుటే ఉన్నా లేదంటుంది, అనవసరంగా టెన్షన్ పడతావు.

పరీక్ష దగ్గర బద్ధకించకు. ఇనిట్ ఫైల్ మార్చినా, నియోవిమ్ నీ పాత కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని ప్లగిన్ ఫైళ్లను చదువుతూనే ఉంటుంది. బిల్డ్‌లో లోటుంటే అవి కప్పేస్తాయి. 0.9 వెర్షన్ నుంచి, నియోవిమ్ ఏ పేరున్న ఫోల్డర్లు వాడాలో చెప్పే ఎన్‌విమ్ యాప్‌నేమ్ (NVIM_APPNAME) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, రాపర్‌లో దానికి వేరే పేరు ఇవ్వు. అండూ చరిత్ర కూడా విడిగా ఉంటుంది. ఆ తర్వాత ఖాళీ హోమ్ ఫోల్డర్‌తో, పాత్‌లో ఏమీ లేకుండా నడిపి చూడు.

అయ్యాక రిపాజిటరీ లింక్ పంపు. నా మెషీన్‌లో నియోవిమ్ ఇన్‌స్టాల్ చేసి లేదు, నిక్స్ ఒక్కటే ఉంది. నడిపి చూసి, ఏది దొరకలేదో రాస్తాను.

నీ మామయ్య