సంరక్షకురాలా, పోషకురాలా, దత్తత తల్లా?

సందేహం: అక్కా బావా చనిపోయాక వాళ్ల అమ్మాయిని నేనే పెంచుతున్నాను. కోర్టు నన్ను గార్డియన్‌గా నియమించింది. బడి దరఖాస్తులో 'పోషకురాలు' అని రాయాలా, 'సంరక్షకురాలు' అని రాయాలా? 'సంరక్షిక' అన్నదే శుద్ధమని ఒకరు, 'దత్తత తల్లి' అని రాయమని బంధువులు అంటున్నారు.

సమాధానం: 'సంరక్షకురాలు' అనే రాయండి అమ్మా. 'సంరక్షిక' సంస్కృత రూపం, తప్పు కాదు. కాని ధీర, ఆలు కలిసి 'ధీరురాలు' అయినట్టే సంరక్షక, ఆలు కలిసి 'సంరక్షకురాలు' అవుతుంది. తత్సమపదం, అంటే సంస్కృతం నుంచి వచ్చిన మాట, చివరి అకారం ఉకారమై, మధ్యలో రుగాగమం, అంటే అదనంగా ఒక 'ర్', వస్తుంది. ఇది నిక్షేపమైన తెలుగు రూపం.

'పోషకురాలు' ఇక్కడ చాలదు. తిండీ బట్టా చూసేవారూ, సభలకు విరాళమిచ్చేవారూ పోషకులే. మీ మీద ఉన్న భారం అంతకంటే పెద్దది. 1890 నాటి గార్డియన్లు, వార్డుల చట్టం పోషణతో పాటు పిల్ల ఆరోగ్యం, చదువు కూడా మీ బాధ్యతే అంటుంది. ఆస్తికి కూడా మిమ్మల్నే నియమించి ఉంటే, వివేకం గల మనిషి సొంత ఆస్తిని చూసుకున్నంత శ్రద్ధగా దాన్ని చూడాలి. కోర్టు అనుమతి లేకుండా పిల్ల ఇంటినో పొలాన్నో అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, అయిదేళ్లకు మించి కౌలుకివ్వకూడదు. ఆ హోదాతో సొంత లాభం చూసుకోకూడదు. ఇంత బరువును 'సంరక్షణ' మోస్తుంది, 'పోషణ' మోయలేదు.

'దత్తత తల్లి' అని మాత్రం ఎంత ప్రేమ ఉన్నా రాయకండి. అది మాటల పట్టింపు కాదు, పిల్ల హక్కుల విషయం. దత్తత వేరే చట్టప్రకారం జరిగే వేరే కార్యం. దత్తత వెళ్లిన పిల్లకు చట్టం దృష్టిలో తల్లిదండ్రులే మారిపోతారు. సంరక్షణలో అలా జరగదు. ఆమె మీ అక్క కూతురుగానే, తండ్రి ఇంటిపేరుతోనే, ఆయన ఆస్తికి వారసురాలిగానే ఉంటుంది. ఆమెకు 18 ఏళ్లు నిండగానే మీ సంరక్షకత్వం ముగుస్తుంది. కాబట్టి 'తండ్రి పేరు' ఉన్నచోట బావగారి పేరే రాయండి. 'విద్యార్థినితో సంబంధం' అని అడిగితే 'పిన్ని' అని నిస్సంకోచంగా రాయండి. అంతకంటే దగ్గరి మాట ఆ కాగితానికి అక్కర్లేదు.

మరొక్క మాట. 'సంరక్షకురాలుగా', 'సంరక్షకురాలు సంతకం' అని చాలామంది రాస్తున్నారు. విభక్తి చేరేటప్పుడు 'లు' కాస్తా 'లి' అవుతుంది. 'సంరక్షకురాలిగా', 'సంరక్షకురాలి సంతకం' అన్నవే సరైనవి. దరఖాస్తులో 'తండ్రి/సంరక్షకుడి సంతకం' అని అచ్చై ఉంటే ఆ రెండూ కొట్టేసి, పైన 'సంరక్షకురాలి' అని రాసి సంతకం చేయండి.