పెర్ల్ హార్బర్ ఫొటోలు అసలైనవే, కెమెరా కథే కల్పితం

ప్రశ్న: "ఒక నావికుడి పెట్టెలో ఏళ్ల తరబడి పడి ఉన్న బ్రౌనీ కెమెరాలో పెర్ల్ హార్బర్ దాడి ఫొటోలు బయటపడ్డాయని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?"

హవాయి దీవుల్లో అమెరికా నౌకాదళ స్థావరమైన పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడివి ఆ ఫొటోలు, నూటికి నూరుపాళ్లు అసలైనవి. కథ మాత్రం ఎవరో అల్లింది. వాట్సాప్ మన ఫోన్లలోకి రాకముందు ఇదే సరుకు ఈమెయిళ్లలో తిరిగేది.

మాది ఫొటో స్టూడియో నడిపిన కుటుంబం. రీళ్లు కడిగే రోజుల్లో నాన్నగారితో పాటు నేనూ డార్క్ రూమ్‌లో ఉండేవాణ్ణి. అటక మీంచి పాత కెమెరా దించి, "లోపల రీలుంది, ఏమైనా వస్తుందేమో చూడండి" అంటూ తెచ్చేవాళ్లు. ఆగ్ఫా క్లిక్ త్రీ అనే పాత కెమెరాలోంచి తీసిన ఒక రీలు నాకింకా గుర్తుంది. కడిగితే అంతా బూడిదరంగు ముసురు, మధ్యలో లీలగా పెళ్లిపందిరి. రీలు వెనక చుట్టి ఉండే కాగితం మీది అంకెలు ఫిల్ము మీదికి అచ్చు దిగిపోయి, పెళ్లికూతురి మొహం ఉండాల్సిన చోట 7 కనిపించింది. మన ఎండకూ ఉక్కకూ రీలు ఇంకా తొందరగా పాడవుతుంది, ఒప్పుకుంటాను. కానీ హవాయిలోనూ తేమ తక్కువేం కాదు. దశాబ్దాలు కెమెరాలో మగ్గిన రీలు నుంచి పేలుడు నిప్పురవ్వలు విడివిడిగా కనిపించేంత శుభ్రమైన ఫొటోలు వస్తాయంటే నేను నమ్మను. పైగా బ్రౌనీ లాంటి బాక్సు కెమెరాల్లో రీలుకు వచ్చే ఫొటోలు ఎనిమిదో, పన్నెండో. మీకొచ్చిన ఫార్వర్డ్‌లో ఎన్నున్నాయో చూడండి.

డార్క్ రూమ్ సంగతి తెలియకపోయినా కథ గుట్టు పట్టుకోవచ్చు. ప్రతి ఫొటోకీ ఒకటే అడగండి: తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు?

ఆ ఫొటోల్లో ఒకటి పైనుంచి తీసింది. మధ్యలో ఆ రేవులోని ఫోర్డ్ ద్వీపం, దాని అవతలి ఒడ్డున బారులు తీరిన యుద్ధనౌకలు. వెస్ట్ వర్జీనియా అనే యుద్ధనౌకకు టార్పెడో (నీళ్లలో దూసుకొచ్చి పేలే ఆయుధం) తగిలి నీళ్లు స్తంభంలా లేచాయి. ఇవతలి వైపు యూటా అనే ఓడ అప్పటికే పక్కకు ఒరిగిపోతోంది. అది దాడి మొదలైన కాసేపటికే జపాన్ విమానంలోంచి తీసిన ఫొటో. అసలు ప్రింటు కింది మూలన జపాన్ నౌకాదళ శాఖ అనుమతితో ముద్రించినట్టు జపనీస్‌లో రాసి ఉంటుంది. అమెరికన్ నావికుడి పెట్టెలోకి అదెలా వచ్చినట్టు?

ఇంకొకటి అందరూ చూసిందే, నిప్పులు చిమ్ముతున్న భారీ పేలుడు. చాలామంది దాన్ని అరిజోనా అనే పెద్ద యుద్ధనౌక పేలుడని షేర్ చేస్తారు. కాదు, అది షా అనే డిస్ట్రాయర్, అంటే చిన్న, వేగమైన యుద్ధనౌక. ఓడను నీళ్లలోంచి పైకెత్తి బాగుచేసే, నీటి మీద తేలే డ్రై డాక్‌లో రిపేరులో ఉండగా మంటలు ముందుభాగంలోని మందుగుండు గదికి చేరి పేలింది. ముక్కు ఊడిపోయిన ఆ ఓడకు కొత్త ముక్కు కట్టి 1942లోనే మళ్లీ యుద్ధానికి పంపారు. అదే పేలుడు మరో ఫొటోలో దూరాన కనిపిస్తుంది. ముందువైపు ఫోర్డ్ ద్వీపంలో ధ్వంసమైన విమానాల మధ్య నిలబడిపోయిన నావికులు. నన్నడిగితే మొత్తంలో గొప్ప ఫొటో అదే. ఒకే పేలుడు, రెండు వేర్వేరు చోట్ల నుంచి. ఒక్క కెమెరాతో అయ్యే పని కాదు.

అరిజోనా పేలిన క్షణం చిక్కింది మూవీ కెమెరాకు. దగ్గర్లో ఉన్న సోలేస్ అనే ఆసుపత్రి నౌక మీది డాక్టరు తీశాడు. ఆ ఒక్క ఓడలోనే 1,177 మంది పోయారు. ఆ రోజు మొత్తం చనిపోయిన అమెరికన్లు 2,403 మంది.

కథ అల్లినవాళ్లు ఓడ పేరు కూడా ఇచ్చి దొరికిపోయారు. ఆ నావికుడు క్వాపా అనే టగ్గులో (పెద్ద ఓడలను లాగే ఓడ) పనిచేశాడట. దాడి జరిగింది 1941 డిసెంబర్ 7న. క్వాపా నీళ్లలోకి దిగిందే 1943లో!

వీటిలో చాలావరకు అమెరికా నౌకాదళం దగ్గరా, వాళ్ల జాతీయ ఆర్కైవ్స్‌లోనూ ఎప్పటినుంచో నంబరుతో సహా ఉన్నవే. షా పేలుడు నంబరు 80-జి-16871. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతకండి, వాట్సాప్‌లో నలిగిన కాపీ కంటే ఎంతో స్పష్టమైనది ఉచితంగా దొరుకుతుంది. ఫొటోలో ఏముందో వివరాలు దాని కిందే ఉంటాయి. మీ గ్రూపులో పెట్టాలనుకుంటే అది పెట్టండి.