డొమైన్ పేర్ల మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి బీసీఏ చివరి ఏడాది. ‘యూనివర్సల్ యాక్సెప్టెన్స్’ మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. అదేమిటో మాకు అర్థం కాలేదు. దాంతో ఉద్యోగం వస్తుందా? జావా కోచింగ్‌లో చేర్పించమంటారా?

జవాబు: టెన్షన్ పడకండి. ఆ పేరుతో ఉద్యోగ ప్రకటనలు రావడం అరుదే. కానీ అమ్మాయి పట్టుకున్నది పనికొచ్చే విషయమే. వెబ్‌సైట్ పేరు (డొమైన్ పేరు), ఈమెయిల్ చిరునామా ఏ లిపిలో ఉన్నా, ఎంత పొడవున్నా అన్ని సాఫ్ట్‌వేర్లూ వాటిని ఒప్పుకునేలా చేయడమే యూనివర్సల్ యాక్సెప్టెన్స్.

వెబ్‌సైట్ పేరు చివర డాట్ కామ్, డాట్ ఇన్ లాంటివే ఉండే రోజులు పోయాయి. ఇప్పుడు అలాంటివి వెయ్యికి పైనే ఉన్నాయి. తెలుగు లిపిలో ‘డాట్ భారత్’ 2011లోనే వచ్చింది, ఒడియా లిపిలోనూ ఉంది. ఈమెయిల్ చిరునామా కూడా మన లిపిలో పెట్టుకోవచ్చు. తీరా ఏదో ఫారంలో కొడితే ‘సరైన ఈమెయిల్ ఇవ్వండి’ అని ఎర్ర అక్షరాలు! తప్పు చిరునామాది కాదు, ఎప్పుడో రాసి వదిలేసిన కోడ్‌ది. చుక్క తర్వాత రెండు నుంచి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలే ఉండాలని అందులో రాసి ఉంటే డాట్ ఫొటోగ్రఫీకే దిక్కులేదు, ఇక తెలుగు సంగతి చెప్పేదేముంది?

మీ అమ్మాయికి కలిసొచ్చేది ఇక్కడే. అన్ని లిపుల గుర్తులకూ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే పద్ధతి యూనికోడ్. అందులో ‘అక్షరాలు మాత్రమే’ అని నియమం పెట్టిన డెవలపర్ అన్ని భాషలకూ చోటిచ్చాననే అనుకుంటాడు. కానీ యూనికోడ్ లెక్కలో దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు అక్షరాలు కావు, వాటి వర్గం వేరు. దాంతో ‘రమ’ లోపలికి పోతుంది, ‘రాము’ గుమ్మంలోనే ఆగిపోతాడు. పైగా ఆ గుర్తులను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావాలి. డేటాబేస్‌లో కాలమ్ సైజును ఇంగ్లిష్ లెక్కన బైట్లలో పెడితే పేరు పూర్తిగా పట్టదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే మీ వైపు పిల్లలకు ఇలాంటివి ఇట్టే దొరుకుతాయి.

అలాగని జావా మానొద్దు. కంపెనీలు తీసుకునేది టెస్టింగ్‌కో, బ్యాకెండ్‌కో (తెర వెనక సర్వర్‌లో నడిచే కోడ్ పనికో). వాటికి కోడింగ్ వచ్చి తీరాలి. ప్రాజెక్టు మాత్రం ఉత్త రిపోర్టుగా మిగలకూడదు. ఏదైనా ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) ఫారంలో తెలుగు, ఒడియా చిరునామాలు ఇచ్చి చూడమనండి. ఎక్కడ ఆగిందో రాసి, సరిచేసిన కోడ్‌ను గిట్‌హబ్‌లో (డెవలపర్లు కోడ్ పంచుకునే వెబ్‌సైట్) పంపమనండి. దీనికి సర్టిఫికెట్ ఇస్తామనే సెంటర్లకు డబ్బు కట్టకండి. రెజ్యూమెలో పెద్ద పేరు రాయడం కన్నా ‘ఫలానా ఫారంలో ఈ తప్పు పట్టుకున్నాను, ఇలా సరిచేశాను’ అని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడే అవకాశం ఎక్కువ.